ముట్టిన గుర్రం

పోయిన నెల రాజంపేటలో మా మామ చనిపోయాడు. అమ్మ తమ్ముడు, నాకు చదరంగం నేర్పిన గురువు. ఎవరి మీదా పగ లేని మనిషి అని నాలుగు మాటలు రాయమన్నారు చుట్టాలు. అంత అబద్ధం నా చేత కాదు. ఆయనకు ఒక పగ ఉండేది. దాన్ని కన్నబిడ్డలా సాకాడు. ఇప్పుడది నాది.

ఒకసారి కర్నూలు టోర్నమెంటులో ఆయనకు ఒక పెద్ద లాయరుతో ఆట పడింది. అందరూ నడిమి బంటుతో మొదలుపెడితే మామ ఎప్పుడూ పక్క బంటునే కదిపేవాడు. నేత ఇంట్లో పుట్టిన మనిషి కదా, "అంచు గట్టిగుంటే చీర దానంతటదే నిలబడ్తాది అమ్మీ" అనేవాడు. ఆ రోజూ అంచు నుంచే అల్లుకుంటూ వచ్చి లాయరు రాజుకు ఏనుగుతో చెక్ పెట్టాడు. లాయరు అడ్డం వేద్దామని గుర్రాన్ని పట్టుకున్నాడు. వేస్తే గుర్రమూ పోతుంది, ఆటా పోతుంది. అది తట్టగానే వదిలేసి రాజును జరిపాడు. ముట్టిన పావును ఆడి తీరాలని నేర్చుకునే పిల్లలకు కూడా తెలుసు.

"గుర్రం ముట్టినారు సార్" అన్నాడు మామ.

"నేనెప్పుడు ముట్టినానప్పా?" అన్నాడు లాయరు.

చూసినవాళ్ళు లేరు. తీర్పు చెప్పే ఆర్బిటర్ లాయరు మాటే నమ్మాడు. రాజు తప్పించుకున్నాడు, చివరికి ఆట డ్రా అయింది.

"అంత పెద్దాయనతో డ్రా చేసుకుంటివి, ఇంకేం కావాలప్పా?" అని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. మామకు ఒళ్ళు మండిపోయింది. లాయరు గుర్రం ముట్టినప్పుడు పావులు ఎలా ఉన్నాయో అలాగే ఇంట్లో బోర్డు మీద పేర్చాడు. మళ్ళీ తీయలేదు. నాకు వేరే బోర్డు మీద నేర్పాడు. పొద్దున్నే టీ కూడా తాగకుండా ఒక్కో పావునూ ఎత్తి, దుమ్ము తుడిచి, మళ్ళీ అదే గడిలో పెట్టేవాడు. పోనీలే మామా అంటే, "ఎత్తు ఆయనది అమ్మీ. ఆయన ఆడేదాకా నేను లేచేది లేదు" అనేవాడు. నాకు ఓపిక నేర్పాడు, ఓడినా తల దించకుండా లేచి రావడం నేర్పాడు. ఆ రుణం తీరేది కాదు. క్షమించడం మాత్రం ఆయనకే రాదు, నాకేం నేర్పుతాడు?

దినాల రోజు లాయరు గులాబీల దండతో వచ్చాడు. వస్తాడని ముందే తెలిసి, ఫొటో పక్కన ఆ బోర్డు పెట్టింది నేనే. ఆయన దండ వేసి, చుట్టాలందరూ వింటుండగా, "ఆ పొద్దు ఇద్దరం శానా బాగా ఆడినాం. సరిసమానం" అన్నాడు. అంటూనే గుర్రాన్ని ఎత్తి ముచ్చటగా చూసుకున్నాడు.

"ముట్టినారు సార్" అన్నాను. "ఆడండి."

భోజనాలకు లేచినవాళ్ళు కూడా ఆగిపోయారు. లాయరు ఫొటో వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నేనెప్పుడు ముట్టినానమ్మా?" అన్నాడు.

గుర్రం ఇంకా ఆయన వేళ్ళ మధ్యే ఉంది.