ఒక మిషను, రెండు ఉయ్యాలలు

మా ఆవిడకు టీచరు ఉద్యోగం వచ్చేనాటికి మా కవలలకు ఏడాది నిండింది. ఒక పిల్లవాడు, ఒక పిల్ల. ఆమె పొద్దున ఏడు గంటల బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు గానీ తిరిగి కొత్తచెరువు చేరేది కాదు. నాది ఆడవాళ్ల రవికలు కుట్టే పని, అదీ ఇంటి ముందు గదిలోనే. కాబట్టి పిల్లల్ని చూసుకునేది నేనేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. "ఇంట్లోనే ఉంటావు గదా, దాంట్లో ఏముండాది?" అన్నారు అందరూ. ఏముందో నన్నడగాలి.

తొంభైల చివర సంగతి ఇది. వానలు మా వైపు చూడటం మానేశాయి. నీళ్ల ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చేది. అందుకని ఇద్దరినీ ఒకే గంగాళంలో కూర్చోబెట్టి నీళ్లు పోసేవాణ్ణి. ఒంటిమీద సబ్బు అలా ఉండగానే ఎవరో ఒకరు ఆ నీళ్లలోనే పని కానిచ్చేవాళ్లు. ఇక మళ్లీ నీళ్లు యాడి నుంచి తెచ్చేది? చెంబెడు మంచినీళ్లు చెరిసగం నెత్తిన గుమ్మరించి తుడిచేసేవాణ్ణి. ఈ సంగతి మా ఆవిడకు పిల్లలు పెద్దయ్యాక గానీ చెప్పలేదు.

రవికలకు వచ్చే ఆడవాళ్లకు మా ఇల్లు ఉచితంగా చూసే నాటకమైంది. ఒకామె గడపలో కూర్చుని, నేను పప్పన్నం కలిపి ఇద్దరి నోట్లో పెడుతుంటే, "ఏమప్పా, పాలు గూడా నువ్వే ఇస్తాండావా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పైకి నవ్వి, ఆమె రవిక చేతులు అంగుళం బిగించి కుట్టాను. తప్పే. అయినా ఇప్పటికీ ఏమంత బాధ లేదు.

మధ్యాహ్నం వాళ్లు నిద్రపోతేనే నా పని సాగేది. గదిలో దూలానికి రెండు చీరలతో రెండు ఉయ్యాలలు కట్టి, వాటి తాళ్లు తెచ్చి మిషను కింద కాలితో తొక్కే పలకకు ముడేశాను. నేను తొక్కితే సూది ఆడేది, ఉయ్యాలలూ ఊగేవి. ఎంత తెలివైన పని చేశానో అని ఊరంతా చెప్పుకున్నాను. చిక్కెక్కడ వచ్చిందంటే, తొక్కడం ఆపితే ఇద్దరూ లేచేవాళ్లు. గుండీ కుట్టాలన్నా, బట్ట కత్తిరించాలన్నా కాలు ఆడుతూనే ఉండాలి. కుట్టడానికి ఏమీ లేని రోజుల్లో కూడా సూదికి దారం తీసేసి గంటలకొద్దీ ఉత్త మిషను తొక్కాను. ఆ టకటక వింటూ, అటూ ఇటూ ఊగే ఆ రెండు చీర మూటల్ని చూస్తూ కూర్చున్న మధ్యాహ్నాలు నా బతుకులో మళ్లీ రాలేదు.

వాళ్లకు రెండేళ్లు నిండాయి. ఒకరోజు పిల్ల ఏదో నములుతూ దగ్గింది. నేలమీద చూస్తే రవిక హుక్కుల అట్ట, దానికి రెండు హుక్కులు లేవు. మింగేసిందనుకున్నాను. దాన్ని ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాని నోట్లో వేలు పెట్టి తీస్తే సగం నమిలిన బుడ్డ, అంటే వేరుశనగ గింజ, వచ్చింది.

"ఏమప్పా, బుడ్డలు తిన్యా ఆసుపత్రికి ఎత్తుకొస్తావా?" అన్నాడు డాక్టరు. నేనూ నవ్వబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. రెండోవాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. తలుపు తీసే ఉంది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి.

నేను పోయేసరికి పక్కింటావిడ వాణ్ణి చంకనేసుకుని, కాలిన చేతిని నీళ్ల గిన్నెలో ముంచి పట్టుకుని ఉంది. మూడు వేళ్లకు బొబ్బలు లేచాయి. ఒకరిని కాపాడాలని ఇంకొకరిని నిప్పు పక్కన వదిలేసి పోయిన తండ్రిని నేను. ఆ సాయంత్రం మా ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మూడోరోజు గోరంట్ల నుంచి మా అక్క వచ్చింది. అక్క అంటే నాకు తల్లే. మా అమ్మ పోయినప్పుడు నాకు రెండేళ్లు. అప్పుడే కొత్తగా కాపురానికి పోయిన అక్క, నాలుగు రోజులు ఉంచుకుంటానని నన్ను తీసుకుపోయింది. ఆ నాలుగు రోజులు పదిహేనేళ్లయ్యాయి. బాగా చూసుకుంది, అబద్ధమెందుకు? కానీ మా నాయన ఒక్కనాడూ నన్ను ఇంటికి రమ్మని పిలవలేదు. ఏ పెళ్లిలోనో కనబడితే "బాగుండావా?" అని చుట్టాల పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగేవాడు. బాగున్నానని చెప్పేవాణ్ణి. అంతకుమించి మా ఇద్దరికీ మాటలు లేవు. ఆ కోపం నాలో అలాగే ఉండిపోయింది.

అక్క వాడి చేతికి కట్టిన కట్టు చూసింది, నన్ను చూసింది.

"ఇద్దర్ని నువ్వొక్కనివే సాకలేవురా. పాపను నాకియ్యి. పిల్లోని చెయ్యి మానేదాకా పెట్టుకుంటా. నిన్ను సాకినదాన్ని, నీ బిడ్డను సాకలేనా?"

"నాలుగు దినాలే గదా అక్కా?" అన్నాను.

"నాలుగు దినాలేరా."

వద్దని అరవాలనిపించింది. అయితే ఏ ముఖం పెట్టుకుని అరిచేది? మా ఆవిడ తల వంచుకుని పిల్ల గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దింది. పిల్ల బస్సు ఎక్కుతానని సంబరపడి, మాకు చెయ్యి ఊపుతూ వెళ్లిపోయింది.

మొదట్లో మా ఆవిడ ప్రతి ఆదివారమూ వెళ్లి చూసి వచ్చేది. తల్లి తిరిగి బయలుదేరేటప్పుడు పిల్ల గుక్కపట్టి ఏడ్చేదట. "ఊరికే వచ్చి బెంగ పెట్టొద్దు. కొన్నాళ్లు రావద్దండి" అని అక్క కబురు చేసింది. నిజమే కదా అని మానుకున్నాం. వాడి చెయ్యి నెలరోజుల్లో మానింది. అక్క పిల్లను పంపలేదు. ఎండలు తగ్గనీ అంది. ఆ తర్వాత జాతర అయిపోనీ అంది. మూడు నెలలు గడిచాయి.

ఒక్కడే అయితే తేలిక అనుకుంటారు. ఒక్క గిన్నె, చెంబెడు నీళ్లు, ఒక్క ఏడుపు. కానీ వాడికి నిద్ర పట్టేది కాదు. పక్క ఉయ్యాల కదలకపోతే లేచి కూర్చుని దానివైపే చూసేవాడు. చివరికి విప్పేసిన తాడును మళ్లీ పలకకు కట్టి, ఆ ఉత్త చీర కూడా ఊపితేనే కళ్లు మూశాడు. అట్లా కొన్నాళ్లు ఊపాను. ఒక మధ్యాహ్నం నావల్ల కాలేదు. కుడుతున్న రవిక అలాగే వదిలేసి, నిద్రపోతున్నవాణ్ణి భుజాన వేసుకుని గోరంట్ల బస్సెక్కాను. ఎవరేమన్నా సరే, పిల్లను తెచ్చి తీరాలి. దారి పొడవునా అక్కతో పోట్లాడవలసిన మాటలు కూడబలుక్కున్నాను.

అక్క అరుగుమీద బుడ్డలు ఒలుస్తోంది. పక్కన నా బిడ్డ. జుట్టు పెరిగింది. కొత్త గాజులు వేసుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను చేతులు చాచాను. అది వెనక్కి జరిగి అక్క కొంగు పట్టుకుంది. తర్వాత ఏమనుకుందో, లోపలికి పోయి చిన్న గ్లాసుతో నీళ్లు తెచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, ఒలికిపోకుండా మెల్లగా నడిచి వచ్చి, నా కాళ్ల దగ్గర పెట్టి దూరంగా పోయి నిలబడింది. ఇంటికి ఎవరొచ్చినా నీళ్లియ్యాలని అక్క నేర్పింది.

ఆ నీళ్లు నేను తాగలేకపోయాను. మా వాడు దిగి గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. పిల్ల వాణ్ణి కాసేపు చూసింది. వచ్చి వాడి చేతిలోని గ్లాసు లాక్కుని వాడి నెత్తిన ఒకటిచ్చింది. వాడు నవ్వాడు. అదీ నవ్వింది.

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "అక్కా, నా బిడ్డను నాకియ్యి" అన్నాను. అంతే.

అక్క ఒడిలోని పొట్టు దులుపుకుని లోపలికి పోయి, సంచి తెచ్చి నా పక్కన పెట్టింది.

"నాయన గూడా వచ్చినాడ్రా ఒగసారి, నిన్ను తీసుకపోవల్లని. ఈ అరుగు మీదనే కూసున్యాడు. నువ్వు ఆయప్పను సూసి నా ఎనక దాంకున్యావు. వాడు నీకాడికి రాడు నాయనా, ఏడుస్చాడు, ఈడనే ఉండనీలే అని ఆయప్పతో నేనే అన్యా. నిన్ను ఏడిపీలేక ఎల్లిపాయె."

మా నాయన పోయి అప్పటికి ఆరేళ్లు.

అక్కను ఏమైనా అనాలనిపించింది. పిల్లను ఎత్తుకున్నాను. అది అక్క వైపు రెండు చేతులూ చాచి, కాళ్లతో నా కడుపులో తంతూ కేకలు పెట్టింది. వాణ్ణి వేలు పట్టుకుని నడిపించుకుంటూ బస్టాండుకు పోయాను. బస్సులో అందరూ మావైపే చూశారు. "ఎవురి బిడ్డప్పా అది?" అని ఒక పెద్దాయన అడిగాడు కూడా. నా బిడ్డే అన్నాను. కొత్తచెరువు వచ్చేదాకా అది ఏడుస్తూనే ఉంది. నేను మాత్రం కిందికి దించలేదు.