కటుక్కుమనని బిళ్ల

ఆ ఉదయం కూడా నరసింగరావు గుండె బిళ్లను అడకత్తెరతో రెండు చేసి, సగం మింగి, మిగతా సగాన్ని కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. రక్తం గడ్డకట్టకుండా రోజుకొకటి మింగమని డాక్టరు చెప్పాడు గానీ, నెలంతటికీ కొనే శక్తి ఆయనకు లేదు. ఆమదాలవలసలో మిల్లులకు ధాన్యం చూసిపెట్టే మనిషి. ఒకచోట కూర్చోలేడు, లేచి వీధి దాకా వెళ్లి, జేబు తడుముకుని తిరిగొచ్చేవాడు. బస్తాలోంచి నాలుగు గింజలు తీసి పంటి కింద పెట్టి, చప్పుడును బట్టే తేమ ఎంతో చెప్పేవాడు; కటుక్కుమంటే ఎండిన మంచి సరుకు.

కిందటి నెల కూతురు రాజకుమారి జనరిక్ షాపు నుంచి అదే మందు అయిదో వంతు ధరకు తెచ్చింది. ఆయన ఒక బిళ్లను కొరికాడు. అది పిండిలా రాలిపోయింది.

"ఏటే ఇది, సుద్దముక్కా? కటుక్కుమనలేదు. సరుకు కాదే!"

"బిళ్లని కొరికి సూస్తావేటి నాన్నా? ఒడ్లా అవి?"

"నలబయ్యేళ్లు కొరికినోడిని, నాకు సెప్పకు. మంచి సరుకు సగమైనా సాలు."

"డాక్టరు బాబు నిండు బిళ్ల ఏసుకోమన్నారు."

"ఆ బాబు కొంటాడేటి?"

రాజకుమారి నవ్వేసింది. చవక బిళ్లల షీటు గూట్లోకి పోయింది.

సగం మింగి వెళ్లిన ఆ రోజు మధ్యాహ్నం, మిగతా సగం జేబులో ఉండగానే, ఆయన మిల్లులో బస్తాల మీదికి ఒరిగిపోయాడు; మళ్లీ లేవలేదు. పన్నెండో రోజున గూడు సర్దుతూ రాజకుమారి ఖరీదైనదీ చవకదీ రెండు షీట్లనూ వెనక్కి తిప్పి, వెలుతురుకు పెట్టి చదివింది. మందు ఒకటే. కింద సన్నటి అక్షరాల్లో, తయారుచేసిన కంపెనీ కూడా ఒకటే.