సులై క్యాంపులో పుంటికూర పురుడు

ఆ రోజుల్లో సౌదీలో ఉన్నానని చెబితే చాలు, ఎదుటివాళ్లు కాస్త ముందుకు జరిగి కూర్చుని "అయితే గల్ఫ్ యుద్ధం చూశావన్నమాట" అంటారు. చూడలేదు. నేను విమానం దిగేసరికే యుద్ధం అయిపోయి ఏడాది దాటింది. క్షిపణులు పడితే అద్దాలు చెదరకుండా కిటికీలకు అడ్డంగా అంటించిన టేపు మాత్రం, రియాద్ శివార్లలోని సులైలో మా క్యాంపు గదిలో అలాగే ఉండేది (ఎవరు పీకాలన్న తగవు తేలక). చరిత్ర నాకు చూపించింది ఆ టేపు ముక్కలే. కాబట్టి నా దగ్గర యుద్ధం కథలు లేవు, పుంటికూర కథ ఒకటి ఉంది. నలుగురిలో చెప్పుకోవడానికి కాస్త మొహమాటమే గానీ, నా జీవితంలో నేను జైలుకు బాగా దగ్గరగా వెళ్లింది దాని వల్లే.

అప్పటికి నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు. ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ మెకానిక్‌ని (వీసాలో మెకానిక్‌ని, పనిలో హెల్పర్‌ని). గదిలో అందరం జగిత్యాల, ఆర్మూరు వైపు వాళ్లమే. గదికి పెద్దదిక్కు వడ్రంగి మామ. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ మామే. ఆయన తర్వాత చెప్పుకోవలసినవాడు క్రేను నడిపే అన్న. మనిషి భారీ, ఆయన నిద్ర ఇంకా భారీ. శుక్రవారం సెలవు గనుక ఆ రోజు గదిలో వంట చేసుకునేవాళ్లం. పప్పు దొరికేది, ఎండుమిరపకాయలు ఊరి నుంచి వచ్చేవి, పుంటికూర మాత్రం (కోస్తా వారు గోంగూర అంటారు) ఎంత వెతికినా దొరికేది కాదు. "పుంటికూర లేని పప్పు ఏం పప్పురా, మందు లెక్క మింగుడే గద" అని మామ ప్రతి శుక్రవారం కంచం ముందు నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు వినీ వినీ మాకు కూడా అన్నం సహించడం మానేసింది.

ఇలా ఉండగా, దూరాన దక్షిణం కొసనున్న జిజాన్ దగ్గర ఒక తోటలో ఏసీలు బిగించడానికి నన్ను పంపారు. పని ముగించి బయటికి వస్తే, గట్టు వెంబడి వరుసగా ఎర్రని కాడ, వేళ్లలా చీలిన ఆకు, అంచున సన్నని రంపపు పళ్లు. ఎడారి దేశంలో సొంత మేనత్త ఎదురొచ్చినట్టయింది. సూడాన్ కాపలాదారు దాని పూలతో షర్బతు చేసుకోవడానికి పెంచుతున్నాడట. గింజ కట్టే కాలం కాదు గనుక, నా సైగలు అర్థం చేసుకుని లేత కొమ్మలే కొన్ని కత్తిరించి ఇచ్చాడు. వాటిని తడి గోనెగుడ్డలో చుట్టి, రియాద్ వచ్చేదాకా ఒళ్లోంచి దించలేదు. దారిలో డ్రైవరు చాయ్‌కి ఆపిన చోటల్లా నేను గోనె తడుపుకుంటూ కూర్చున్నాను.

మామ ఆ కొమ్మల్ని చూసి ముందు కళ్లకద్దుకున్నాడు, వెంటనే నన్ను తిట్టాడు. "గిన్ని ఆకులుంటే వేరెట్ల వడ్తదిరా? నీళ్లు తాగుడు తప్ప వాటికి పనేముంటది? సగం తెంపు." ఆకులు సగం తెంపాం. ఇసుకలో ఉప్పు పోయేదాకా కడిగాం. నెయ్యి డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, ఆ ఇసుక నింపి, కొమ్మలు గుచ్చి, టేపు కిటికీ కింద వరుసగా పేర్చాం. కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటే, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోద్దామన్నది నా సలహా. మొత్తం ఉద్యోగంలో నా చదువు పనికొచ్చిన సందర్భం అదే అనుకుంటాను. పొడిగాలికి ఆకు వాడకుండా నీళ్ల సీసాల అడుగులు కోసి ఒక్కో కొమ్మ మీద ఒక్కోటి బోర్లించాం. లోపల చెమ్మ పట్టి సీసాలు మసకబారితే అందరి ముఖాలూ వికసించేవి. నాకు మాత్రం ఓపిక లేదు. డ్యూటీ నుంచి రాగానే ఒక కొమ్మను కొంచెం పైకి లాగి వేరు పట్టిందో లేదో చూసేవాణ్ని. మామ ఒకసారి పట్టుకుని వీపు మీద ఒక్కటి చరిచాడు. "వట్టిన వేరు నువ్ వీకుడుతోనే తెగుతాంది. చేతులు ఎనుకకు కట్టుకొని సూడు!"

అసలు గొడవ ఏసీ దగ్గర వచ్చింది. చల్లగాలి నేరుగా తగిలితే కొమ్మలు ముడుచుకుపోతున్నాయి. "పచ్చి బాలింతకు సల్లగాలి తగలనిస్తర్రా ఎవలన్నా?" అని మామ ఏసీ ఆపేశాడు. రియాద్ ఎండాకాలంలో! క్రేను అన్న బనియను పిండుకుంటూ "మామా, అవి బతుకుడేమో గని నేనైతే సస్త" అని మొరపెట్టుకున్నాడు. చివరికి ఏసీకి అట్టముక్క అడ్డం పెట్టి గాలి మా వైపే వచ్చేట్టు మళ్లించాం. కొన్నాళ్లకు ఒక డబ్బాలో చిటికెన వేలి గోరంత కొత్త ఆకు వేసింది. ఏసీ కోసం ఏడ్చిన అన్నే అది ముందు చూసి గదంతా కేకలు పెట్టాడు. ఆ తర్వాత సీసాలు రోజూ కాసేపు తీసి మళ్లీ మూస్తూ, పొద్దుటెండలో వసారాలో పెట్టి మళ్లీ లోపలికి తెస్తూ, మొత్తానికి వాటిని జానెడెత్తు చేశాం. పనినుంచి వచ్చి ముఖం కూడా కడుక్కోకుండా ఆ డబ్బాల ముందు చేరేవాళ్లం. ఊరికే వాటినే చూసేవాళ్లం.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక క్యాంపు సూపర్‌వైజర్ గదులు చూడటానికి వచ్చాడు. పాకిస్తానీ, అందరికీ ఖాన్ సాబ్. గడప దగ్గరే ఆగిపోయాడు. కిటికీ కింద వరుసగా డబ్బాలు, పక్కన అడుగు కోసిన సీసాలు, గాలికి అట్ట అడ్డం, వేళ్లలా చీలిన ఆకులు. "యే క్యా ఉగా రఖా హై?" అని అడిగాడు, ఇదేం పెంచుతున్నారని. అధికారి ఏది అడిగినా క్రేను అన్నకు ఒకటే జవాబు. "కుఛ్ నహీ సాబ్." ఎదురుగా అన్ని మొక్కలుండగా ఏమీ లేదంటే ఎవరు నమ్ముతారు? ఖాన్ సాబ్ ఒక ఆకు తుంచి వాసన చూసి, తమ ఊళ్లో దారి పక్కన ఇది అడవిలా పెరుగుతుందనీ, తనకు చెప్పనక్కర్లేదనీ అంటూ తీర్పు ఇచ్చేశాడు. "భంగ్ హై!"

గది చల్లబడిపోయింది. భంగ్ అంటే గంజాయి. ఆ దేశంలో గంజాయి అంటే పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోయే వ్యవహారం కాదు, తల పోయే వ్యవహారం. ఆయన పోలీసులకు ఫోన్ చేయడానికి వెనక్కి తిరిగాడు. మామ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సాబ్, ఖానే కా హై, సాగ్ హై. అభీ పకాకే, ఆప్ కే సామ్నే ఖాకే దిఖాతా." తినే ఆకుకూరేనని, వండి తిని చూపిస్తామని. ఖాన్ సాబ్ ఆలోచించి స్టూలు మీద కూర్చున్నాడు. షరతు ఒకటే, ఒక్క ఆకు మిగలకూడదు. తిన్నాక మాకేమీ కాకపోతే సరే, మత్తు ఎక్కితే పోలీసు.

ఆకు కోయమని నాకు పురమాయించారు. డబ్బా ముందు కూర్చున్నాను గానీ చెయ్యి రాలేదు. "పెంచింది తినేటందుకే గదరా" అన్నాడు మామ మెల్లగా. నిజమే. కానీ నేను దాన్ని తిందామనుకోవడం ఎప్పుడో మానేశానని, నా కళ్ల ముందు పచ్చగా ఏదో పెరుగుతుంటే చాలనుకుంటున్నానని అప్పుడే నాకు తెలిసింది. మామే వచ్చి నా చేతుల్లోంచి డబ్బా తీసుకుని, కాడలు మోడులయ్యేదాకా దూశాడు.

గుప్పెడు ఆకు, గంపెడు పప్పు. అయినా ఆ పులుపు నాలుక మీద పడగానే నాకు ఇల్లు, అమ్మ, అన్నీ ఒక్కసారి కమ్ముకొచ్చి భోరుమన్నాను. నన్ను చూసి మామకు భయంతో నవ్వు మొదలైంది, ఆపుకుందామన్నా ఆగలేదు. ఇక క్రేను అన్న శుక్రవారం పప్పన్నం తిన్న మనిషి. గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుర్రు పెట్టాడు. "ఓ అన్నా, కండ్లు మూసినవంటే జైలే!" అని నేను ఏడుస్తూనే గిల్లుతున్నాను. ఖాన్ సాబ్ మమ్మల్ని వరుసగా చూశాడు. "ఏక్ రో రహా, ఏక్ హస్ రహా, ఏక్ సో గయా. ఔర్ క్యా సబూత్ చాహియే?" అని లేచాడు. ఒకడు ఏడుపు, ఒకడు నవ్వు, ఒకడు నిద్ర. ఇంకేం రుజువు కావాలి, నిజమే కదా!

మామ నవ్వుతూనే కంచం ఆయన ముందుకు తోశాడు. "ఆప్ భీ ఖావో సాబ్. ఆప్కో కుఛ్ హువా తో హమ్ జైల్ జాతే." మీరూ తినండి, మీకేమన్నా అయితే మేమే జైలుకు పోతామని. ఖాన్ సాబ్ బిస్మిల్లా అని, మందు తాగేవాడిలా వేలితో నాకాడు. ఒక కన్ను మూసుకున్నాడు. మళ్లీ నాకాడు. అన్నం పెట్టమన్నాడు. అడుగంటింది కూడా గీకించుకుని, తమ ఊళ్లో వాళ్లమ్మ వండే పుల్లని ఆకు గురించి చెబుతూ చెబుతూ మామ పడుకునే మంచం మీదే ఒరిగాడు. ఆయన గురక, క్రేను అన్న గురక కలిశాయి. ఆయన లేచేదాకా మేం చప్పుడు చేయకుండా కాపలా కూర్చున్నాం.

లేచాక ఖాన్ సాబ్ పోలీసు మాట ఎత్తలేదు. గదిలో మొక్కలు మాత్రం కుదరవు, పైవాళ్లు చూస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. మోడుల్ని నేనే తీసుకెళ్లి క్యాంపు వెనక కారుతున్న నీళ్ల ట్యాంకు దగ్గర పారేశాను. తర్వాత పని మీద నన్ను దమ్మామ్ పంపారు. తిరిగొచ్చి చూస్తే ట్యాంకు పక్కన మోకాలెత్తు పుంటికూర! మేం బాలింతలా సాకినన్నాళ్లూ ఆకు ఆకుకూ బతిమాలించుకున్నది, పారేస్తే పొదై కూర్చుంది. పక్కనే కుర్చీ వేసుకుని ఖాన్ సాబ్. నన్ను చూసి "హాత్ మత్ లగానా" అన్నాడు. ముట్టుకోను లెమ్మని, కొంచెం దూరంగా నిలబడ్డాను. కాసేపటికి ఆయనే కుర్చీలో సగం జరిగాడు.

ఇప్పుడు మా ఇంటి పెరట్లో తొలకరి పడగానే ఎవరూ వేయకుండానే పుంటికూర లేస్తుంది. కోసుకొద్దామని వెళ్తాను. వంటింట్లోంచి మా ఆవిడ కేకేస్తుంది. "కోసుకస్తవా, ఆడనే నిలవడి సూసుకుంట ఉంటవా? ఈడ పప్పు ఉడికింది." వస్తున్నానంటాను. ఇంకాసేపు నిలబడతాను.