కాలువ కట్టేసిన వేసవి

బాప్తిస్మానికి సిద్ధపడిన ఒక మనిషి మీద అబద్ధం చెప్పి, జాబితాలో ఆయన పేరు కొట్టేయించాను. ఆయన తాగుడు మానేశాడని నాకు తెలుసు. తెలిసే, ఇంకా తాగుతున్నాడన్నాను.

ఇన్నేళ్లూ ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేదు, కక్కలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో, పామర్రు దగ్గర మా ఊళ్లో నేను సంఘపెద్దని. బడి మొహం చూడలేదు. బైబిలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నవాణ్ణి, ఆ గర్వం తలకెక్కినవాణ్ణి. నేను చెప్పిన ఆ మనిషి పోలయ్య. కాలువలో చేపలు పట్టుకు బతికేవాడు, వేలిముద్రగాడు. మాకు బాప్తిస్మం కూడా ఆ కాలువలోనే. దానికి ముందు పెద్దలం కూర్చుని ప్రశ్నలు వేసేవాళ్లం.

"రక్షణ కోసం నువ్వేం చేశావోయ్?" అన్నాను.

"నేనేం చేశానండీ? మునిగిపోయేవాణ్ణి జుట్టు పట్టుకుని పైకి లాగుతారు. వాడు చేసిందేముంది, జుట్టుండటం తప్ప?"

అందరి కళ్లూ నా బట్టతల మీదికి పోయాయి.

"కంగారు పడకండి పెద్దయ్యా. తమర్నయితే చెవి పట్టుకుని లాగుతాడు."

పాస్టరు గారితో సహా అంతా పడీపడీ నవ్వారు.

అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉండి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నవ్వినందుకేనా నాకు అంత మంట? కాదేమో. కృప గురించి ఏళ్ల తరబడి చదివి నేను చెప్పలేకపోయిన మాట ఒక్క అక్షరం రాని మనిషి చెప్పేశాడు, అది సరైనదని ఆ క్షణానే నాకు తెలిసిపోయింది.

మర్నాడు పాస్టరు గారితో చెప్పాను, పోలయ్య కల్లుపాక మానలేదని. నా మాట మీద ఆయన మళ్లీ విచారించలేదు. బాప్తిస్మాలయిన మర్నాడే ఎండాకాలానికి కాలువ కట్టేశారు. మళ్లీ నీళ్లు వదిలేది ఏరువాకకే.

"ఈసారికి నీ పేరు లేదు. నీళ్లొచ్చాక చూద్దాం" అని పోలయ్యకి చెప్పిందీ నేనే.

"అలాగేనండీ" అన్నాడు. ఎందుకని అడగలేదు.

నీళ్లు రాకముందే వడదెబ్బకి పోయాడు. బాప్తిస్మం లేనివాడికి సమాధుల తోటలో చోటు లేదన్నారు. ఆ నిబంధన చదివి వినిపించిందీ నేనే. మురుగుకాలువ గట్టున పూడ్చారు.

దేవుడి కృపకి కాలువ నీళ్లతో పనేమిటని మీరు నన్ను ఓదార్చవచ్చు. మరి ఆ రోజు ఆయనవాళ్లు ఆరడుగుల నేల అడిగినప్పుడు ఈ మాట ఏ నోట్లో దాక్కుంది? నా నోట్లోనే కదా! ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి అదే నోటితో కృప ఉచితమని ప్రసంగాలు చేశాను. సిగ్గులేదూ నాకు?

పోయిన నెల భవానీపురం వెళ్లాను. పోలయ్య భార్య నాగమ్మ అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. వాకిట్లో నిలబడే మొత్తం చెప్పేశాను. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. చెప్పాక మాత్రం, చాలా ఏళ్లకి, ఊపిరి లోపలిదాకా వెళ్లింది.

ఆమె చేటలో బియ్యం చివరిదాకా ఏరింది. తరవాత అంది:

"ఆ వేసవంతా రోజూ మిట్టమధ్యాహ్నం కాలువ లాకుల దాకా నడిచెళ్లి, నీళ్లొదిలారేమో చూసొచ్చేవాడండీ. వద్దంటే వినేవాడు కాదు. మీకు చెప్పకూడదనుకున్నా. మీరు చెప్పారు కాబట్టి, నేనూ చెప్పా."