వెలుతురులో నవ్విన తలనొప్పులు

రెండు డిగ్రీలు చదివి మా అక్క చేసే ఉద్యోగం, తలనొప్పి ఉన్నవాళ్లను వెతకడం. పరిశోధన చేసే డాక్టరుగారి తరఫున ఆన్‌లైన్ గ్రూపుల్లో ప్రకటన పెడుతుంది: మైగ్రేన్‌తో మీ బతుకెలా ఉందో వీడియోలో గంటసేపు చెప్పండి, గిఫ్ట్ కూపన్ అందుకోండి. కూపన్ మాట వినగానే ఊరూవాడా తల పట్టుకుంది. గంటలో మూడొందల దరఖాస్తులు. సగం మంది బాధ అక్షరం పొల్లుపోకుండా ఒకటే!

దొంగ రోగులను ఏరేయడానికి డాక్టరుగారు బ్రహ్మాండమైన రూలు పెట్టారు. ముఖం మీద లైటు పడాలి, కెమెరా ఆపకూడదు.

అప్పుడే ఒక దర్జీ ఆవిడ ఫోన్ చేసింది. "నాకు వెలుతురు పడదమ్మా. స్క్రీన్ చూస్తే వాంతులే. మామూలు ఫోన్లో చెప్తే కుదరదా?"

అక్క ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి పక్కనున్న డాక్టరుగారిని అడిగింది. "సార్, ఈవిడది నిజం నొప్పిలా ఉందండీ."

"కెమెరా వద్దన్నారంటే దొంగేనమ్మా. వదిలెయ్!"

ఎంపికైన ఇరవై మందీ ధగధగలాడే లైట్ల కింద నవ్వుతూ తమ నరకయాతన వర్ణించారు. మొన్న రిపోర్టు తయారైంది. అందులో గొప్ప ఆవిష్కరణ: మైగ్రేన్ రోగులకు వెలుతురు పడదన్నది వట్టి అపోహ.

టైపు చేసింది అక్కే. చేసి, గదిలో లైటార్పి, తలకు గుడ్డ బిగించుకుని పడుకుంది.