గంగారాం సార్ రిజిస్టరులో ఖాళీ గడి

గంగారాం సార్ ఇక లేరన్న వార్త సోమవారం ఉదయం ప్రార్థన గంటకు ముందే మెట్‌పల్లిలోని మా బడికి చేరింది. నేను అప్పుడే కంప్యూటర్ గది తాళం తీస్తున్నాను. ఆయా రాజవ్వ చేతిలో చీపురుతోనే వచ్చి, "స్వరూపా, సార్ పోయిండట బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నకాడనే ఒరిగిండట" అన్నది. తాళంచెవి తాళంలోనే ఉండిపోయింది. శనివారం సాయంత్రమే కదా, ఆరో మిషన్‌కు చెవి ఆనించి, "దీని ఫ్యాను గురక వెడ్తున్నది" అని నవ్విన మనిషి!

సంతాపసభలో రెండు మాటలు చెప్పమంటే లేవలేకపోయాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అందుకే బడి పత్రికకు ఇది రాస్తున్నాను. సారును ఎరిగిన మీకందరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. అది దాచుకుని ఆయన పటానికి పూలు పెట్టడానికి నా చేయి రావడం లేదు.

ఆయన గణితోపాధ్యాయులు. నేతపనివారి ఇంట పుట్టారు. బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు ముట్టుకోవడానికే అందరూ జంకితే, ఆయన పుస్తకాలు తెప్పించుకుని ఒంటరిగా నేర్చుకున్నారు. మూడేళ్ల కింద నేను సహాయకురాలిగా చేరిన రోజున గోడ వెంట సాగే నల్లని తీగను చూపించి, "గిది పడుగు పోగు అనుకో బిడ్డా" అన్నారు. సర్వర్ అనే పెద్ద మిషన్ దగ్గర మొదలై ఆ ఒక్క తీగే పది కంప్యూటర్లను వరుసగా కలుపుతుంది. వాటికి సొంత జ్ఞాపకం లేదు. సర్వర్ పలికితేనే అవి మేల్కొంటాయి. తీగ రెండు కొనలకూ వేలికొసంత లోహపు టోపీలుంటాయి. తీగ ఎక్కడ తెగినా, ఒక్క టోపీ చెడినా పదీ మూగబోతాయి. "ఒక్కని తప్పుకు పదిమందికి శిక్ష. అందుకే ఈడ అందరం జర పైలంగుండాలె" అనేవారు.

ఆయన పద్ధతుల్లో అపురూపమైనది రిజిస్టరు. అందులో నాలుగు గడులు: తేదీ, ఏం చెడింది, ఎట్లా బాగైంది, ఎవరి చేత చెడింది. మొదటి మూడూ ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేవారు. నాలుగోది ముట్టేవారు కారు. "పేరు ఎవలది వాళ్లే రాసుకోవాలె. నేను రాస్తె చాడీ అయితది" అనేవారు. పిల్లలు ఏడుస్తూ వచ్చి రాసేవారు. ఎనిమిదో తరగతి లత "నేనే, లత, కీబోర్డు మీద మంచినీళ్లు ఒలకబోసిన, ఇగ ఎన్నడు ఒలకబొయ్య" అని గడి పట్టనంత రాసింది. సార్ అది చదివి, "గింత చక్కగ తప్పు ఒప్పుకున్నోళ్లను ఏమనాలె?" అని ఆమెనే ఆ వారానికి తరగతి లీడరును చేశారు.

పోయిన ఏడాది దసరా సెలవుల ముందు మా గదికి గండం వచ్చింది. మా యాజమాన్యానికి ఆదిలాబాద్‌లో మరో బడి ఉంది. కంప్యూటర్లను అక్కడికి తరలించాలని కార్యదర్శిగారి పట్టుదల. పిల్లలు పనిచేయడం తాను కళ్లారా చూస్తానని, గది సరిగా నడవకపోతే మధ్యాహ్నమే మిషన్లు లారీ ఎక్కుతాయని కబురు పంపారు.

ఆయన రావడానికి ముందురోజే మా గదిలో ఆయుధపూజ. సార్ ఇంట్లో దసరాకు మగ్గం కడిగి మొక్కేవారు. ఇక్కడా ఆ ఆచారం తప్పనివ్వలేదు. "బొట్లు పెట్టు బిడ్డా. తీగ జోలికి మాత్రం పోకు" అని నాకు చెప్పి తరగతికి వెళ్లారు. నేను తెరలు తుడిచాను, పసుపు కుంకుమ పెట్టాను. తీగ చివరి టోపీ మసకగా, దిగులుగా కనిపించింది. పండుగకు ఇంట్లో ఇత్తడి తోమినట్టే దాన్ని తీసి, చింతపండుతో రుద్ది, కడిగి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాను. బంగారు గుండులా మెరిసింది. 'సార్ గమనిస్తారా?' అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మరునాడు కార్యదర్శిగారి ఎదుట మీట నొక్కితే సర్వర్ లేచింది. పదీ లేవలేదు.

"ఏం పంతులూ, నిన్న హారతిచ్చిండ్రట గద? ఇయ్యాల గుడ్లు తేలేసినయేంది?" అన్నారాయన. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. పిల్లలు మాత్రం నవ్వలేదు.

సార్ జేబులోంచి కొత్త టోపీ ఒకటి తీశారు. అయిదో మిషన్ దగ్గర తీగ విడదీసి దాన్ని తగిలించారు. ఇవతలి అయిదూ వెలిగాయి. "తప్పు అవతల ఉన్నది" అని తీగ కలిపి ఎనిమిదో దానికి జరిగారు. ఎనిమిదీ వెలిగాయి. అప్పుడు నాకు చింతపండు గుర్తుకొచ్చింది. నేను టార్చిలైటు పట్టుకుని సార్ పక్కనే ఉన్నాను. ఒక్క మాట, 'సార్, ఆ చివరిది', అంటే చాలు. నాలుక లేవలేదు. తొమ్మిదీ వెలిగాయి.

"లారీవానికి ఫోన్ చెయ్యిండ్రి" అన్నారు కార్యదర్శిగారు గడియారం చూసుకుంటూ.

"ఇంకొక్కటే ఉన్నది. జర ఆగుండ్రి."

మెరుస్తున్న టోపీ తీసి కొత్తది బిగించారు. పదీ ఒక్కసారే మేల్కొన్నాయి. పిల్లల కేకలతో గది దద్దరిల్లింది. సార్ పాత టోపీని వెలుతురుకు ఎత్తి చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"ఎవలు చేసిండ్రు గిది?" అన్నారు కార్యదర్శిగారు.

"గది నాది. జిమ్మేదారి నాది" అన్నారు సార్.

"అంటే నువ్వే చేసినవన్నట్టు."

సార్ అవుననలేదు, కాదనలేదు. కంప్యూటర్లు ఇక్కడే ఉండిపోయాయి. కానీ "పూజల పంతులు మనకొద్దు. తాళం ఆ పిల్లకియ్యుండ్రి" అన్నారు కార్యదర్శిగారు. సార్ నడుముకున్న తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టారు. అది వెచ్చగా ఉంది.

ఆ రోజు నుంచి తాను నిలబెట్టిన గది గడపలో ఆయన రోజూ ఆగి, "స్వరూపమ్మా, జర లోపలికి రావచ్చునా?" అని అడిగేవారు. ఎత్తిపొడుపు కాదు, అది ఆయన మర్యాద. నేను తల ఊపేదాన్ని. రిజిస్టరులో సార్ ఆ రోజు రాసిన పేజీని చూసే ధైర్యం లేక రబ్బరు బ్యాండు వేసి, తరువాతి పేజీ నుంచి రాసుకుంటూ వచ్చాను. సార్ ఆ బ్యాండును చూసేవారు. విప్పలేదు. విప్పమనలేదు.

నిన్న విప్పాను. 'చివరి టోపీ చింతపండుతో తోమినందున లోపల తడి చేరింది.' 'టోపీ మార్చబడింది.' నాలుగో గడి ఖాళీ. నా పేరు లేదు. నలుగురి ముందు నింద మోసిన ఆయన, ఇక్కడ మాత్రం తన పేరూ రాసుకోలేదు. ఏడాదంతా ఆ చోటు నా కోసం అట్టేపెట్టారు.

అందులో నా పేరు రాశాను. ఈ వ్యాసాన్నీ ఆ పేజీనీ రేపు పెద్దసారుకు అందజేస్తాను. తాళం ఎవరి చేతిలో ఉండాలో వారే తేలుస్తారు. మా బడి ఒక మహోపాధ్యాయుణ్ణి కోల్పోయింది. తెగిన చోటును అంత ఓర్పుతో వెతికి, తెంచినవారిని వేలెత్తి చూపని మనిషి మళ్లీ దొరకడు. ఈ ఉదయం కూడా తలుపు తెరిచి గడప వైపు చూశాను. ఏడాది పాటు రోజూ అనవలసిన మాట ఇప్పుడు నోటికొచ్చింది.

రండి సార్. ఇది మీ గదే.