అప్పన్న పుట్టిన సంవత్సరం

1983వ సంవత్సరం. విశాఖపట్నం వన్ టౌన్‌లో, రేవుకు దగ్గరగా, ఓడల్లో సరుకు ఎత్తి దింపే కార్మికుల వివరాలు నమోదు చేసే ఒక కార్యాలయం ఉండేది. దాని పేరు ఇక్కడ అనవసరం. అందులో కంప్యూటరు విభాగానికి నేను బాధ్యుణ్ణి. నేను ఆ ఉద్యోగంలో చేరిన రోజు మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. మా వంశంలో ఇతరుల చేత సంతకాలు పెట్టించుకున్నవాళ్ళే గాని, హాజరు పట్టీలో సంతకం పెట్టినవాళ్ళు అంతవరకూ లేరు. ఎస్టేటు పోయింది, కచేరీ పోయింది, ఇంటి పేరు మాత్రం మిగిలింది. ఆ పేరుకు తగ్గట్టు ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, నిటారుగా కూర్చుని పనిచేసేవాణ్ణి. నా వెనక అందరూ నన్ను జమీందారుగారని అనుకునేవారని నాకు తెలుసు. కొందరు నా ముందే అనేవారు.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. ప్రతి కార్మికుడికీ మాస్టర్ ఫైల్‌లో ఒక రికార్డు ఉంటుంది. అంటే అతనికి రేవులో ఇచ్చిన ఇత్తడి బిళ్ళ నంబరు, పేరు, పుట్టిన సంవత్సరం, చేసే పని, అన్నీ ఒక వరుసలో టేపు మీద రాసి ఉంటాయి. ఏదైనా వివరం మారితే ఒక సవరణ చీటీ వస్తుంది. పంచింగు గదిలోని అమ్మాయిలు దాన్ని అట్టముక్కలాంటి పంచ్ కార్డు మీద చిల్లులుగా మారుస్తారు. వారానికొకసారి అప్‌డేట్ రన్ నడుపుతాం. అప్పుడు యంత్రం పాత వివరం తీసేసి, ఆ చోట కొత్తది పెడుతుంది. పాతది ఏమైందని అడగకూడదు. అది ఇక లేదు.

పంచింగు గది రత్నమ్మగారిది. వయసులో నాకంటే పెద్దది. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు మా ఆఫీసుకి ఒకే శ్రద్ధతో వచ్చేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక ఉదయం అప్పన్న వచ్చాడు. అతను వించ్ డ్రైవరు. ఓడ మీద సరుకును ఇనుపతాడుతో ఎత్తి దింపే యంత్రాన్ని నడపడం అతని పని. చేతిలో మా యంత్రం అచ్చేసిన కాగితం ఉంది.

"బాబుగారూ, ఇందులో ఏటి రాసున్నాదో సూడండి. వచ్చే నెలాఖరుకి ఇంటికెల్లిపోమంటన్నారు."

చదివి చెప్పాను. "నీకు యాభై ఎనిమిది నిండుతున్నాయి. పదవీ విరమణ."

"అప్పుడేనా! ఇంకా మూడేళ్ళున్నాదని మొన్న మా ఫోర్‌మన్ బాబే కదా సెప్పేడు."

"నువ్వు పుట్టిన సంవత్సరం ఎంత?"

అప్పన్న నా వంక ఆశ్చర్యంగా చూశాడు. "నన్నడుగుతారేటి బాబూ? మీ కాడే ఉన్నాది కదా. నాను పుట్టినప్పుడు పెద్ద గాలివాన కొట్టిందని మాయమ్మ సెప్పేది. ఏ గాలివానో ఎవులికి తెలుసు? బిళ్ళ ఇచ్చినప్పుడు డాక్టరు బాబు ఎద్దుకి సూసినట్టు నోరు తెరిపించి పళ్ళు సూసి, ఏదో ఏడు రాసేడు. ఆ ఏడే నా ఏడు."

ఆ డాక్టరు రాసిన కాగితాలు పాత గదిలో కప్పు కారి ఏనాడో ముద్దయిపోయాయి. మా టేపు మీద 25 అని ఉంది. అంటే 1925.

"కంప్యూటరు తప్పు చెప్పదు" అన్నాను. ఆ మాట ఈనాటికీ నన్ను పొడుస్తుంది.

అప్పన్న వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "మూడేళ్ళ డ్యూటీ పోతే పోయింది బాబూ. వయసు దాసి ఇన్నాళ్ళూ తిన్నాడని మా గేంగులో అంటన్నారు. దొంగోడినంటన్నారు. నాను ఎవులికీ ఏ ఏడూ సెప్పనేదు. సెప్పనోడు అబద్ధం ఎలాగ సెప్తాడు?"

పేరు పోవడమంటే ఏమిటో నాకు ఒకరు వివరించనక్కర్లేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

ముందు టేపులు వెతికాను. మా దగ్గర ప్రతి ఫైలుకూ మూడు టేపులుండేవి. వాటిని ఈ వృత్తిలో తాత, తండ్రి, కొడుకు అంటారు. ఇవాళ్టిది కొడుకు, పోయిన వారానిది తండ్రి, అంతకు ముందు వారానిది తాత. నాలుగోది పుట్టగానే తాత టేపును తుడిచి మళ్ళీ వాడుకుంటాం. మూడింటిలోనూ 25 అనే ఉంది. మూడు తరాలకు వెనక ఏముందో చెప్పే దిక్కు లేదు. మా ఇంట్లో ఏడు తరాల పేర్లు చిన్నప్పుడే నోటికి నేర్పారు. నేను నడిపే యంత్రానికి మాత్రం మూడు వారాల జ్ఞాపకం.

పంచింగు గదికి వెళ్ళి రత్నమ్మగారితో విషయం చెప్పాను. ఆవిడ లేచి, ఇనుప బీరువా తెరిచి, అడుగు అర నుంచి దుమ్ము పట్టిన పెద్ద కట్ట తీసి బల్ల మీద పడేసింది. నాలుగేళ్ళ కిందట మొట్టమొదటిసారి వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు సరిచూసుకున్న అచ్చు పట్టిక అది. ప్రతి వరుస పక్కనా ఆవిడ ఎర్ర పెన్సిలు టిక్కు ఉంది.

"దీన్ని పారెయ్యమన్నాను కదమ్మా!"

"పారెయ్యమన్నారు సార్. నేను సరే అన్నాను గాని పారేస్తానని అన్నేదు కదా."

ఆ పట్టికలో అప్పన్న వరుస దొరికింది. పుట్టిన సంవత్సరం 28.

అంటే మొదట సరిగ్గానే ఎక్కింది. ఆ తర్వాత మధ్యలో ఎవరో మార్చారు. ఎవరు, ఎప్పుడు, ఏ చీటీ చూసి? ఆవిడ ఎక్కించిన చీటీలన్నీ పురికొసతో గుచ్చి, నెలవారీ కట్టలుగా దాచింది. ఇద్దరం బల్లకు చెరో పక్కనా కూర్చుని విప్పాం. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల ముందు ఆవిడ చెయ్యి ఆగింది. చీటీని ఒకటికి రెండుసార్లు చదివి, నా వైపు తోసింది.

బిళ్ళ నంబరు అప్పన్నదే. పుట్టిన సంవత్సరం 25గా సవరించాలని ఉంది. కాని పేరు అప్పలనాయుడు. చీటీ పదేళ్ళకు పైగా పాతది. అడుగున 'ఎక్కించవచ్చు' అని రాసి ఉంది. ఆ రాత, ఆ సంతకం నావి.

అప్పన్నను పిలిపించి, అప్పలనాయుడు ఎవరని అడిగాను.

"మాయన్న బాబూ. తగరపువలసలో ఉన్నాడు. వించి కాడ కాలు నలిగిపోతే పని మానేసేడు. ఆడి బదులు నాను సేరేను. ఆడి బిళ్ళే నాకిమ్మని అడిగి తీసుకున్నాను. ఇదుగో."

నడుం తాడుకు కట్టిన ఇత్తడి బిళ్ళ చూపించాడు. అంకెలు అరిగి నున్నగా ఉన్నాయి. అన్నదమ్ములు, మేనమామలు ఒకరి చోట ఒకరు చేరినప్పుడు ఆ బిళ్ళే అడిగి తీసుకోవడం రేవులో గౌరవం. కొత్త బిళ్ళ కొట్టించే పని తప్పుతుందని ఆఫీసు కూడా ఇచ్చేసేది. మా యంత్రానికి మాత్రం బిళ్ళ నంబరే మనిషి.

జరిగింది అప్పుడు అర్థమైంది. అన్న తన వయసు సరిచేయమని పెట్టుకున్న చీటీ ఏ బల్ల కిందో పడి ఉంది. కంప్యూటరు వచ్చాక పాత ఆఫీసు తన దగ్గరున్న పెండింగు చీటీలన్నీ మూటకట్టి మాకు పంపింది. వారంలో మూట ఖాళీ కావాలని నేను ఉత్తర్వు ఇచ్చాను. అప్పుడు రత్నమ్మగారు, "పేర్లు కూడా ఓసారి పోల్చుకుందామా సార్?" అని అడిగిన సంగతి నాకు స్పష్టంగా గుర్తొచ్చింది. అక్కర్లేదు, నంబరు చాలన్నాను.

వాంగ్మూలం ఇవ్వడానికి అప్పలనాయుడు చేతికర్రతో బస్సెక్కి వచ్చాడు. చీటీ చదివి వినిపిస్తే పెద్దగా నవ్వాడు.

"నా ఏడు పట్టుకెళ్ళి ఆడికి తగిలించేరేటి బాబూ! నా ఏడు నాకిచ్చెయ్యండి."

"సూడండి బాబూ, మాయన్న ఇచ్చింది బిళ్ళొక్కటే అనుకున్నాను" అన్నాడు తమ్ముడు. "మూడేళ్ళ ముసలితనం కూడా కట్టి ఇచ్చేడు."

"ఊరికే ఇస్తే పుచ్చుకోవేటిరా!"

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ నవ్వారు. రత్నమ్మగారు కూడా నవ్వింది. ఆ గదిలో నవ్వలేనివాణ్ణి నేనొక్కణ్ణే.

అదే మూటలోని చీటీలన్నీ పేర్లతో పోల్చి చూశాం. మరో ఇద్దరి రికార్డుల్లో ఇదే తప్పు బయటపడింది. వాళ్ళింకా ఆ సంగతి ఎరగరు.

నివేదిక రాసి మా పరిపాలనాధికారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడే. పని త్వరగా తెమలాలంటాడు.

"దీనికింత పురాణం దేనికి జమీందారుగారూ? 28 అని మళ్ళీ వేసెయ్యండి. కారణం పంచింగు పొరపాటని రాయండి. అయిపోతుంది."

"పంచింగులో పొరపాటు లేదండీ. చీటీలో ఉన్నదే వాళ్ళు కొట్టారు. పొరపాటు నా ఉత్తర్వులో ఉంది."

"మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. ప్రమోషను దగ్గర పడింది, ఆలోచించుకోండి."

ఆలోచించాను. అబద్ధమెందుకు, ఒక రాత్రంతా ఆలోచించాను. రత్నమ్మగారి గది మీద ఆ మాట వేసి నేను నిటారుగా నడవగలనా అన్నదే ప్రశ్న. పొద్దున్నే నివేదికను ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేసి ఇచ్చాను. దానితో పాటు ఒక ప్రతిపాదన కూడా పెట్టాను. మా తాతగారి కచేరీలో భూముల రిజిస్టరులో గీకి చెరపడం మహా అపరాధం. తప్పు వరుస మీద ఒక్క సన్నని గీత గీసి, కింద అక్షరాలు కనబడుతుండగానే, పక్కన సరైనది రాసి, రాసినవాడు సంతకం చేయాలి. యంత్రానికి కూడా అదే నేర్పుదామన్నాను. ఏ వివరం మారినా పాతది, కొత్తది, మార్చిన తేదీ, చీటీ నంబరు, ఎక్కించమన్నవాడి పేరు, అన్నీ విడిగా ఒక హిస్టరీ టేపు మీదికి వెళ్ళాలి. దాన్ని ఎప్పుడూ తుడవకూడదు. బిళ్ళ నంబరుతో పాటు పేరు కూడా కలిస్తేనే మార్పు జరగాలి. ఒక టేపు ఎక్కువ ఖర్చవుతుందని పరిపాలనాధికారి కొంత గొణిగి ఒప్పుకున్నాడు. నా ప్రమోషను రెండేళ్ళు వెనక్కి జరిగింది.

ప్రోగ్రాము రాయడానికి మూడు వారాలు పట్టింది. గడువుకు నాలుగు రోజుల ముందు నడిపాం. హిస్టరీ టేపు మీద మొదటి వరుస అప్పన్నదే, తర్వాతి రెండూ ఆ మిగతా ఇద్దరివి. అప్పన్న వరుసను అచ్చు తీసి, అతని గేంగు మనుషులు కూడా ఉండగా చదివి వినిపించాను. పాతది 25, కొత్తది 28. కారణం, పేరు పోల్చకుండా మరొకరి చీటీ ఎక్కించడం. చివర నా పేరు.

గేంగులో ఒకడు అప్పన్న భుజం మీద చెయ్యి వేశాడు. అప్పన్న ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పాడు.

"సివర మీ పేరెందుకు బాబూ ఇందులో?"

"తప్పు నాది కాబట్టి."

"పోన్లెండి. మీ పేరు సెరిపెయ్యండి. ఎవులు సూస్తారు?"

"చెరపడానికి వీల్లేకుండా రాశాను అప్పన్నగారూ. ఇప్పుడు నేను కూడా చెరపలేను."

గారు అన్నందుకు అతను కాస్త కంగారు పడ్డాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, షిఫ్టు సైరను మోగుతుంటే వించ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత యంత్రాలు మారాయి, కార్డులు పోయాయి, తెరలు వచ్చాయి. కొత్తగా చేరిన ప్రోగ్రామర్లు పాత వివరం దాచడం చోటు దండుగని నాతో వాదించేవారు. వాళ్ళను ఒకటే అడిగేవాణ్ణి. "రేపు ఒక మనిషి వచ్చి, నిన్నటిదాకా నా గురించి ఏమని రాసుకున్నారు, ఎవరు మార్చారు అని గుమ్మంలో నిలబడితే, అతనికి ఏం చూపిస్తావు?"